విప్పటం కూడా ఒక విద్యే

పాత మోటారు కారును తిరిగి మనుగడలోకి తేవటంలో అసలైన శ్రమ కొత్త భాగాలను అమర్చటంలో లేదు. పాతవాటిని ఊడదీయటంలో ఉన్నది. రంగు వేయించటం, సీట్లు కుట్టించటం, అద్దాలు బిగించటం చూసేవారికి పండుగలా ఉంటాయి. కాని అంతకు ముందు ఎవరి కంటా పడని నెలలు కొన్ని ఉంటాయి. వేలెడంత పొడవైనా లేని ఇనుప చీలలతో, తుప్పుతో, నూనె మరకలతో ఆ నెలలు గడచిపోతాయి. ఒక్కొక్క రోజు సాయంత్రం లెక్క చూసుకుంటే, ఆనాడు సాధించినదల్లా ఒక్క బోల్టు కదలటమే అయి ఉంటుంది. అయినా ఆ సాయంత్రం ఇంటికి పోతున్నప్పుడు మనసు ఎంతో తేలికగా ఉంటుంది.

ఈ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది సూరత్ నగరంలో, ఖటోదరా పారిశ్రామికవాడలోని ఒక చిన్న వర్క్‌షాపులో. ఉధనా దర్వాజా దాటి ఉధనా వైపు వెళ్ళే దారిలో ఉన్నది ఖటోదరా. సూరత్ అనగానే ఎవరికైనా స్ఫురించేవి పట్టుచీరలను మరపించే కృత్రిమ వస్త్రాలు, వజ్రాలు. కాని మగ్గం నడవాలంటే దాని పళ్ళచక్రాలు అరిగినప్పుడు కోసి ఇచ్చేవాడు ఉండాలి; వజ్రానికి సానపట్టే చక్రం తిరగాలంటే దాని ఇరుసును సరిచేసేవాడు ఉండాలి. అటువంటి పనివారు ఖటోదరా వంటి వాడలలో కనిపిస్తారు. లేత్ యంత్రం పట్టేపాటి గది, దాని ముందు ఇనుప రజను, గోడకు వరుసగా వేలాడే పానాలు: ఇంతే ఒక్కొక్కరి సామ్రాజ్యం.

తెలంగాణ పల్లెల నుంచి మరమగ్గాల పనికి సూరత్ చేరిన నేతవారి కుటుంబాలు వేలసంఖ్యలో ఉన్నాయి. ఈ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్యాబలం ఊహించుకోవచ్చు. మా బాపు అట్లా సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చినవాడే. ఇరవై ఏళ్ళకు పైగా ఇతరుల మగ్గాలపై నేసి, తరువాత సొంతంగా కొన్ని మగ్గాలు పెట్టుకొని, 1990లో మొదటిసారిగా ఒక కారు కొన్నాడు. కొత్తది కాదు, 1972లో తొలి రిజిస్ట్రేషను జరిగిన ఫియట్ 1100. ఆ కారే ఈ కథకు మూలం.

నీటిలో మునిగిన ఫియట్

నేటి యువకులకు ఆ బండి గురించి కొంత చెప్పవలసి ఉన్నది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ, ఇటలీ దేశపు ఫియట్ కంపెనీ అనుమతితో, బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో ఈ కార్లను తయారుచేసేది. 1970 దశాబ్దం తొలిభాగంలో ఫియట్ పేరు తొలగి, ఆ కారే ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది. 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. ఇంజను పరిమాణం 1089 ఘన సెంటీమీటర్లు. గేరు కడ్డీ స్టీరింగు చక్రం పక్కనే ఉండేది. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండవలసిన రోజులవి. ఆ నిరీక్షణ భరించలేని మధ్యతరగతివారు పాతబండ్లను వెతికి కొనుక్కునేవారు.

2006 ఆగస్టులో తాపీనది పొంగింది. ఎగువన ఉకాయ్ జలాశయం నిండిపోయి, తొమ్మిది లక్షల క్యూసెక్కుల వరకు నీరు వదలవలసి రావటంతో సూరత్‌లో చాలా భాగం మునిగిపోయింది. మా కారు మూడు రోజులు నీటిలో ఉండిపోయింది. నీరు తీశాక చూస్తే పైకప్పు వరకు ఒండ్రు చార కనిపించింది. ఇంజను నిండా బురద నీరు చేరింది. మగ్గాలను నిలబెట్టుకోవటమే గగనమైన ఆ రోజులలో కారు సంగతి ఎవరికీ పట్టలేదు. 2008లో ఒక గ్యారేజీవారికి అప్పగిస్తే, వారు రెండు వారాలు కుస్తీపట్టి, ఇంజను నుంచి పొగగొట్టానికి దారితీసే మానిఫోల్డు దగ్గర రెండు స్టడ్లను విరగ్గొట్టి, పాత ఇంజను తీసివేసి మరొకటి పెట్టుకొమ్మని సలహా చెప్పి పంపించారు. బాపు అందుకు ఒప్పుకోలేదు. “ఇంజను మారిస్తే అది వేరే బండి అయితది, నా బండి కాదు” అన్నాడు. అప్పటి నుంచి ఆ కారు పద్నాలుగేళ్ళు మగ్గాల షెడ్డు వెనుక టార్పాలిను కింద పడి ఉన్నది.

2021 జూలైలో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ పాతకార్ల విషయమై కొత్త నిబంధనలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు నిండిన వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా గుర్తిస్తారు. అప్పటికే రిజిస్టరు అయి ఉన్నవాటికి పాత నంబరే కొనసాగుతుంది. నిత్యం తిరగటానికి, కిరాయికి పనికిరావు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనం పోయించుకోవటానికి రోడ్డెక్కవచ్చు. అయితే ఒక షరతు ఉన్నది. ఛాసిస్, బాడీ, ఇంజను తొలి రూపంలోనే ఉండాలి. వాటిని మార్చి ఉండరాదు.

మా కారుకు 2022లో యాభై ఏళ్ళు నిండాయి. బాపుకు అప్పటికి డెబ్బై ఆరు. పాత ఇంజను బ్రతికితేనే ఆ కారుకు గౌరవంగా రోడ్డెక్కే హక్కు వస్తుంది. పాత ఇంజను బ్రతకాలంటే, విరిగిపోయిన ఆ రెండు స్టడ్లు ఇంజను హెడ్డుకు గాయం కాకుండా బయటికి రావాలి. సమస్త భారమూ ఎనిమిది మిల్లీమీటర్ల మందం గల రెండు ఇనుపముక్కలపై నిలిచింది.

పానా పట్టని మొదటి వారం

ఆ ఏడు దీపావళి వెళ్ళాక బండిని లారీపై ఖటోదరాకు చేర్చాము. ఆ వర్క్‌షాపు యజమాని అరవై దాటిన గుజరాతీ మిస్త్రీ. మేమంతా ఆయనను ‘కాకా’ అనేవాళ్ళం. ఆయన మా బాపును ‘మోటాభాయ్’ అనేవాడు. మొదటి రోజు ఆయన పానా ముట్టలేదు. తీగెల బ్రష్షుతో ఒక్కొక్క బోల్టు మొనను, బయటికి కనిపించే మర చుట్లను శుభ్రంగా రుద్దాడు. తరువాత నూనె డబ్బా తీసి, ప్రతి చీలకూ రెండేసి చుక్కలు వేశాడు. మరునాడూ అదే పని. మూడవనాడూ అంతే. వారం గడిచింది.

“పని ఎప్పుడు మొదలుపెడతారు కాకా?” అని అడిగాను.

“మొదలై వారమైంది. చేస్తున్నది నేను కాదు, నూనె” అన్నాడు.

ఆ మాటలో చమత్కారమే కాదు, శాస్త్రమూ ఉన్నది. బోల్టు చుట్లకూ నట్టు చుట్లకూ నడుమ ఉండే సందు వెంట్రుక కంటె సన్నం. ప్రమిదలోని నూనె వత్తి గుండా తనంత తాను పైకి పాకినట్లే, పలుచని నూనె ఆ సందులోకి పాకుతుంది. పలుచదనం ఎంత ఎక్కువైతే అంత లోతుకు పోతుంది. అందుకే మన మెకానిక్కులు చిరకాలంగా కిరోసిన్‌ను నమ్ముకున్నారు. ఎసిటోను, ఆటోమేటిక్ గేరుపెట్టెలలో పోసే నూనె సమపాళ్ళలో కలిపి వాడేవారూ ఉన్నారు. ఆ మిశ్రమం చప్పున అంటుకుంటుంది కనుక నిప్పుకు దూరంగా ఉంచాలి. ప్రపంచమంతటా అమ్ముడుపోయే డబ్ల్యూడీ-40 అనే నూనె 1953లో అమెరికాలోని శాండియాగోలో పుట్టింది. క్షిపణుల లోహపుతొడుగుకు తుప్పు పట్టకుండా తేమను తరిమివేసే ద్రవం కోసం ప్రయత్నిస్తే, నలభయ్యవ మిశ్రమం ఫలించిందట. ఆ పేరులోని నలభై అదే.

ఇంజను లోపల పిస్టన్లు కూడా బిగుసుకుపోయాయి. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల గుండా నాలుగు సిలిండర్లలోనూ డీజిలు కలిపిన నూనె పోసి, నెలరోజులు అట్లాగే వదిలివేశాడు. ఐదవ వారంలో క్రాంకును ఇటు అర అంగుళం, అటు అర అంగుళం ఊపాడు. కదిలింది. ఆనాడు వర్క్‌షాపులో అందరికీ చాయ్ తెప్పించింది మా బాపు.

తుప్పు చేసే పని

తుప్పును మనం వ్యాధి అంటాము. నిజానికి అది ఇనుముకు స్వగృహానికి తిరుగు ప్రయాణం. భూమిలో ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఖనిజంగా ఉంటుంది. మనం కొలిమిలో బలవంతాన విడదీసి లోహంగా మారుస్తాము. నీరూ గాలీ తగిలినప్పుడల్లా అది మళ్ళీ తన పాత జతను వెతుక్కుంటుంది. ఉప్పు తోడైతే ఆ వేగం మరీ హెచ్చుతుంది. సూరత్‌కు సముద్రం దగ్గర. డుమస్ తీరపు గాలిలోనే ఉప్పు ఉన్నది.

చీల విషయంలో చిక్కు ఇంకొకటి. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. మర చుట్ల సందులో ఆ పెరుగుదలకు చోటు ఉండదు. అందుచేత తుప్పు నలుదిక్కులా మేకులు దిగగొట్టినట్లు అదిమిపెడుతుంది. బోల్టు మందమేమో తరుగుతుంది, దాని పట్టేమో పెరుగుతుంది. బలహీనమైనదాన్ని బలంగా పట్టుకున్నప్పుడు మెలిపెడితే ఏమవుతుంది? విరుగుతుంది.

ఎనిమిది మిల్లీమీటర్ల సాధారణ బోల్టును బిగించటానికి కావలసిన బలం ఎంతో కాదు. పావు మీటరు పొడవున్న పానా కొసన పది కిలోల బరువు వేలాడదీస్తే చాలు. అదే పానాకు మీటరు పొడవు గొట్టం తొడిగితే, అంతే బలంతో నాలుగింతల మెలి పడుతుంది. మంచి ఉక్కుబోల్టు కూడా తెగుతుంది. గొట్టం తొడిగినవానికి తాను ఎంత బలం పెడుతున్నాడో చేతికి తెలియదు. కాకా దుకాణంలో అటువంటి గొట్టం లేదు. ఎందుకు లేదని అడిగితే, “ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది” అన్నాడు.

ఆయన పద్ధతిలో వరుస ఉండేది. ముందు శుభ్రత, తరువాత నూనె, ఆ తరువాత సుత్తి. బోల్టు తలపై నిటారుగా, చిన్న దెబ్బలు అనేకం వేసేవాడు. ఆ అదురుకు గట్టిపడిన తుప్పు పొడిగా రాలి, నూనెకు దారి ఇస్తుంది. అప్పుడు పానా వేసి, విప్పే దిక్కుకు కాక, మొదట బిగించే దిక్కుకు ఒక్క పిసరు తిప్పేవాడు. కొత్తగా చూసేవానికి ఇది విపరీతంగా తోస్తుంది. కాని పట్టు వదలటానికి కదలిక కావాలి. అది ఏ దిక్కుకైనా ఒకటే. ఒకసారి ‘టిక్’మని చిన్న శబ్దం వినిపించాక పావు చుట్టు వెనక్కు, అరపావు ముందుకు, మళ్ళీ నూనె. ఎక్కడైనా పానా మెత్తగా, జిగురుగా తిరిగినట్లు అనిపిస్తే వెంటనే ఆగిపోయేవాడు. అది మర కదలటం కాదు, లోహం సాగటం. ఆ రెండింటికీ గల తేడా అరచేతికే తెలుస్తుంది.

ఇది చూస్తూ కూర్చున్న మా బాపు ఒకనాడు నాతో అన్నాడు: “చిక్కువడ్డ పోగును గుంజితే ముడి బిగుస్తది బిడ్డా. దానికి సందియ్యాలె. గీన గదే చేస్తుండు.” నేతపనిలో అరవై ఏళ్ళ అనుభవం గల మనిషి ఇనుపపనిలోని సూత్రాన్ని గుర్తుపట్టటానికి అరగంట పట్టలేదు.

పానా కూడా కొలతకు సరిపోవాలి

ఒక మాట పానాల గురించి. పద్దెనిమిదవ శతాబ్దం ముగిసేదాకా ప్రతి నట్టూ తన బోల్టుకే సరిపోయేది. మరొకదానికి పట్టేది కాదు. యంత్రాన్ని విప్పితే, ఏది ఎక్కడిదో గుర్తు కట్టుకోవలసి వచ్చేది. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతంలో ఖచ్చితమైన మరలు కోసే లేత్‌ను రూపొందించాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. ఆయన చుట్ల కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణాన్ని సూచించాడు. నేటి మెట్రిక్ మరలది కూడా 60 డిగ్రీలే.

ఈ చరిత్ర మన రోడ్ల మీదా ప్రవహించింది. ఫియట్ ఇటలీ సంతతి, కనుక మిల్లీమీటర్ల లెక్క. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ సంతతి, కనుక అంగుళాల లెక్క. ఒకే మెకానిక్కు ఒకే పానాల సంచితో రెండు బండ్లనూ బాగుచేసేవాడు. పధ్నాలుగు మిల్లీమీటర్ల తలపై అంగుళంలో పదహారింట తొమ్మిది వంతుల పానా ఎక్కుతుంది. తేడా మిల్లీమీటరులో మూడవ వంతు కంటె తక్కువే. కాని తుప్పుతో పలచబడిన తలకు ఆ తేడా చాలు. మూలలు అరిగి గుండ్రమైపోతుంది, ఇక పట్టు దొరకదు. మా బండి కింద అటువంటి గుండ్రని తలలు పదకొండు తేలాయి. పన్నెండు మూలల పానాలను పక్కనపెట్టి, తల చదును భాగాలను ఒత్తి పట్టే ఆరు మూలల పానాలనే కాకా వాడటానికి కారణం ఇదే.

నిప్పు, వెల్డింగు, నిప్పురవ్వ

నూనెకూ సుత్తికీ లొంగనివాటికి నిప్పు కావాలి. ఉక్కును మూడు వందల డిగ్రీలు వేడి చేస్తే, పది మిల్లీమీటర్ల రంధ్రం మిల్లీమీటరులో నూరింట మూడు నాలుగు వంతులు వెడల్పు అవుతుంది. వెంట్రుక మందంలో సగం. ఆ సగమే చాలు. వేడి చేయవలసింది నట్టును, దాని చుట్టూ ఉన్న లోహాన్ని, బోల్టును కాదు. బోల్టు వేడెక్కితే అదీ ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. కాకా గ్యాసుమంట తీసివేయగానే, ఆ వేడి చుట్లకు మామూలు కొవ్వొత్తి తాకించేవాడు. కరిగిన మైనం లోపలికి ఇంకిపోయేది. పెట్రోలు టాంకు విప్పి వీథి అవతల పెట్టించిన తరువాతే ఆయన నిప్పు వెలిగించాడని ఇక్కడ తప్పక చెప్పాలి. ఆ జాగ్రత్త తీసుకోనివారు ఈ పనికి పూనుకోరాదు.

ఇక మిగిలినవి విరిగిన స్టడ్లు రెండు. ఫియట్ ఇంజను దిమ్మె పోత ఇనుము. పైనున్న హెడ్డు అల్యూమినియం మిశ్రమం. ఉక్కు చీల మెత్తని అల్యూమినియంలో దిగి ఉన్నది. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిసి ఉంటే, చిన్న విద్యుద్ఘటంలో జరిగినట్లు, ఒకటి మరొకదాన్ని తినివేస్తుంది. ఇక్కడ తినబడేది అల్యూమినియం. డ్రిల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా అది గట్టి ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియంలోకి దూసుకుపోతుంది. ఆ రంధ్రం పాడవుతుంది. యాభై ఏళ్ళనాటి హెడ్డుకు బదులు హెడ్డు దొరకటం కష్టం.

మొదటి స్టడ్డు హెడ్డు ఉపరితలానికి సమంగా విరిగింది. కాకా దాని మీద ఒక వాషరు పెట్టి, వాషరు మీద నట్టు పెట్టి, నట్టు రంధ్రం గుండా వెల్డింగు చేశాడు. కరిగిన ఉక్కు ఉక్కుకు అతుక్కుంటుంది గాని, అల్యూమినియానికి అతకదు. విరిగిన ముక్కకు కొత్త తల మొలిచింది. వెల్డింగు వేడికి లోపలి తుప్పు వదులైంది. అల్యూమినియం ఉక్కుకు ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక రంధ్రం కూడా కొంచెం తెరుచుకుంది. ఎర్రదనం పోయేవరకు ఆగి, వేడి ఉండగానే పానా వేశాడు. మొదటిసారి అతుకు ఊడింది. రెండవసారీ ఊడింది. మూడవసారి ముక్క కదిలింది. పది నిమిషాలు ముందుకూ వెనుకకూ ఆడించి, పాత పన్ను ఊడినట్లు దాన్ని బయటికి తీశాడు.

రెండవది అసలు పరీక్ష. 2008నాటి గ్యారేజీవారు దానికి రంధ్రం వేసి, విరిగిన చీలలను తీసే ఎక్స్‌ట్రాక్టరు దిగగొట్టి తిప్పారు. ఎదురుమరతో, సూదిగా ఉండే ఆ పనిముట్టు చీలను కరచి పట్టుకొని వెనక్కు తిప్పుతుంది. కాని సన్నని ఎక్స్‌ట్రాక్టరు, తలనే కోల్పోయేంతగా బిగిసిన చీలను తిప్పలేదు. అది లోపలే విరిగిపోయింది. ఎక్స్‌ట్రాక్టరు అతి గట్టి ఉక్కు; మామూలు డ్రిల్లు దానిపై జారిపోతుంది.

ఇది వజ్రాల నగరం కదా, వజ్రపు మొనతో కోయలేమా అని నేను అడిగాను. కాకా నవ్వాడు. ఇనుముతో వేడిలో రాచుకుంటే వజ్రంలోని కర్బనం ఇనుములోకి కరిగిపోతుంది. మొన త్వరలోనే అరుగుతుంది. సూరత్‌లో ‘ఘంటీ’ అనే పోత ఇనుప చక్రంపై వజ్రపు పొడి రాసి, దానితోనే వజ్రానికి సానపడతారు. అక్కడ కోసేది వజ్రమే, పట్టి ఉంచేది ఇనుము. కాఠిన్యం ఒక్కటే అన్ని తాళాలకూ చెవి కాదన్నమాట.

హెడ్డును విప్పి పక్క వీథిలో అచ్చులు తయారుచేసే వర్క్‌షాపుకు తీసుకుపోయాము. అక్కడ స్పార్క్ ఎరోజన్ యంత్రం ఉన్నది. వస్తువును నూనెలో ముంచి, పైనుంచి రాగి కడ్డీని తాకకుండా అతి సమీపానికి దించుతారు. ఆ సందులో క్షణానికి వేలకొలది విద్యుత్ నిప్పురవ్వలు పుడతాయి. ఒక్కొక్క రవ్వ కంటికి కనపడని కణాన్ని కరిగించి తీసుకుపోతుంది. గట్టిదీ మెత్తదీ దానికి ఒకటే, తోపులేదు, మెలిలేదు. ఈ విద్య పుట్టుక విచిత్రమైనది. 1943లో సోవియట్ రష్యాలో లాజరెంకో దంపతులకు ఒక పని అప్పగించారు: నిప్పురవ్వలకు విద్యుత్ కాంటాక్టుల టంగ్‌స్టన్ అరిగిపోకుండా ఉపాయం చూడమన్నారు. అరుగుదలను ఆపలేకపోయారు గాని, దాన్నే లోహాన్ని చెక్కే సాధనంగా మలచారు. ఫియట్ డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లను నిత్యం అరగదీసే నిప్పురవ్వ జాతిదే, ఆ రోజు ఫియట్ హెడ్డును కాపాడింది.

రెండు గంటల పైచిలుకు పట్టింది. మా బాపు స్టూలు మీద కూర్చుని కదలలేదు. నూనెలోంచి చిన్న చిన్న బుడగలు పైకి వస్తూ ఉన్నాయి. చివరకు ఎక్స్‌ట్రాక్టరు నల్లని మడ్డిగా మారి కొట్టుకుపోయింది. మిగిలిన స్టడ్డు ముక్క గుల్ల గొట్టంలా నిలిచింది. కాకా దాన్ని సన్నని ఉలితో లోపలికి ముడిచి, నోటిపళ్ళ నడుమ ఇరుక్కున్న నారను తీసినట్లు లాగివేశాడు. ట్యాపు వేసి చూస్తే మొదటి రెండు చుట్లు తప్ప మిగిలిన మర క్షేమంగా ఉన్నది. హెడ్డు బ్రతికింది, దానితో ఇంజనూ, నంబరూ, బండీ బ్రతికాయి.

బిగించేటప్పుడు

2023 వేసవిలో ఇంజను మళ్ళీ పలికింది. అదే సంవత్సరం అక్టోబరు 30తో ముంబయి వీథులలో పద్మిని టాక్సీల శకం ముగిసిందని పత్రికలు వ్రాశాయి. కుర్లా బండ్ల సంతతి అట్లా రోడ్ల నుంచి తప్పుకుంటున్న కాలంలో, మా బండికి కాగితాలు వచ్చాయి. ఏడాదికి రెండు మూడు సార్లు, ర్యాలీ ఉన్నప్పుడు, అది బయటికి వస్తుంది. బాపు ముందు సీటులో కూర్చుంటాడు.

కాని ఆ ఎనిమిది నెలలలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఇంజను పలికిన రోజు కాదు. కొత్త స్టడ్లు అమర్చిన రోజు. కాకా రాగిపొడి కలిసిన గ్రీజును చిన్న కుంచెతో ఒక్కొక్క మరకూ పూశాడు. బోల్టును బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతాయి. ఒక్క వంతే దాన్ని సాగదీసి పట్టు నిలుపుతుంది. గ్రీజు పూస్తే రాపిడి తగ్గుతుంది గనుక, కొలిచే పానాను కొంత తగ్గించి బిగించాడు. అవసరానికి మించి ఒక్క పిసరు కూడా తిప్పలేదు. నట్లు కూడా ఉక్కువి కాక ఇత్తడివి వేశాడు. తుప్పు ఉక్కును పట్టినట్లు ఇత్తడిని పట్టదు.

“ఇంత అవసరమా కాకా? ఇకమీద దీన్ని ఎవరు విప్పుతారు?” అన్నాను.

ఆయన గ్రీజు డబ్బా మూత పెడుతూ, “ఎవరో ఒకరు విప్పుతారు. ముప్పై ఏళ్ళకో, నలభై ఏళ్ళకో. అప్పటికి నేను ఉండను. నన్ను తిట్టకుండా ఉంటే చాలు” అన్నాడు.

ఆ మాట విన్నాక, ఆ ఎనిమిది నెలల శ్రమ అంతా నాకు కొత్తగా అర్థమైంది. కుర్లాలో 1972లో ఆ స్టడ్లను బిగించిన పనివాడు వాటిని విప్పవలసిన రోజు ఒకటి వస్తుందని తలచి ఉండడు. కార్లు తయారుచేసేవారి దృష్టి బిగించటం మీదనే ఉంటుంది. గట్టిగా బిగించటం బలం. తిరిగి వీలుగా విప్పుకొనేటట్లు బిగించటం బాధ్యత. ఇండ్లలో, పొత్తులలో, వ్రాసుకొనే ఒప్పందాలలో కూడా మనం వేసే మరలు అనేకం ఉంటాయి. ఏనాడో ఒకనాడు, మన ముఖం ఎరుగని ఎవరో వచ్చి వాటిని విప్పవలసి వస్తుంది. వారి చేతికి మనం వదిలిపోయేది తుప్పా, గ్రీజా అన్నది బిగించేనాడే నిర్ణయమై ఉంటుంది.